ఎంప్లాయర్, ఎంప్లాయీ, ఒక ఓగూరు మనిషి

ముందు నా పరువు నేనే తీసుకుంటా. మొదటిసారి ఉద్యోగానికి అప్లై చేసినప్పుడు ఫారంలో ‘ప్రీవియస్ ఎంప్లాయర్’ అని ఉంటే, ఎదురుగా నా పేరే రాశాను. ఇంటర్వ్యూలో ఆయన అది చదివి, ‘అయితే నీకు నువ్వే జీతం ఇచ్చుకున్నావా బాబూ?’ అన్నారు. ఎంప్లాయర్ అంటే పనిలో పెట్టుకునేవాడు, ఎంప్లాయీ అంటే పనిచేసేవాడు. చివర్లో చిన్న శబ్దం, అంతే తేడా. ఆ ఉద్యోగం రాలేదు లెండి.

ఇలాంటి మాటల మీదే బతుకు కట్టుకున్న మనిషి ఒకాయన మన నెల్లూరు తీరం వైపే పుట్టారు. వెన్నెలకంటి సుబ్బారావు గారు. పుట్టింది 1784లో, కందుకూరు దగ్గర ఓగూరులో. 1970లో ప్రకాశం జిల్లాకి వెళ్లి 2022లో మళ్లీ నెల్లూరుకి వచ్చిందే, ఆ కందుకూరే.

అప్పట్లో ఇంగ్లిష్ వస్తే కంపెనీ వాళ్ల దగ్గర కొలువు. అర్థం తెలియకపోతే ఫోన్ తీసి చూసుకునే రోజులు కావు. బ్రౌన్ దొర నిఘంటువు అచ్చవడానికే 1850లు రావాలి. అలాంటి కాలంలో ఈయన 1815 నుంచి 1829 దాకా మద్రాసు సదర్ కోర్టులో పనిచేశారు. అది కంపెనీ వాళ్ల పెద్ద అప్పీలు కోర్టు.

ఆ కుర్చీలో కూర్చుంటే ఎలా ఉంటుందో ఊహించండి. లెస్సర్ అంటే కౌలుకి ఇచ్చినవాడు, లెస్సీ కౌలుకి తీసుకున్నవాడు. ఇది సులువే. మరి మార్ట్‌గేజర్? అప్పు ఇచ్చినవాడు అనుకుంటాం. కాదు! పొలం తాకట్టు పెట్టి డబ్బు తీసుకున్నవాడు మార్ట్‌గేజర్, డబ్బిచ్చినవాడు మార్ట్‌గేజీ. నాకు పోయింది ఒక ఉద్యోగం. కోర్టులో ఈ రెండూ తారుమారైతే పోయేది ఒక రైతు పొలం.

1820లో ఆయన మద్రాస్ స్కూల్ బుక్ సొసైటీకి ఒక నివేదిక ఇచ్చారు. పిల్లలు ఇంగ్లిష్ గడగడా చదువుతున్నారు గానీ అర్థమూ వ్యాకరణమూ తెలియట్లేదని దాని సారాంశం. 1820 అండీ! మనం రీల్స్ చూసి వంద పదాలు బట్టీ కొట్టడం ఇంకేంటి?

ఆయన తన జీవితకథ ఇంగ్లిష్‌లోనే రాసుకున్నారు. 1839లో పోయారు, పుస్తకం అచ్చయింది 1873లో. దాని మీద ఆయన ఉద్యోగం ‘ట్రాన్స్‌లేటర్ అండ్ ఇంటర్‌ప్రెటర్’ అని ఉంటుంది. రెండూ ఒకటే కదా అనుకున్నాను, మొన్నటిదాకా. రాసినదాన్ని ఇంకో భాషలో రాసేవాడు ట్రాన్స్‌లేటర్. ఎదుటివాడు మాట్లాడుతుంటే అక్కడికక్కడే నోటితో చెప్పేవాడు ఇంటర్‌ప్రెటర్, అంటే మన దుబాసీ. ఓగూరు ఆయన రెండూ చేశారు.