వినే యంత్రం, పేరులేని ఆమె

సాహిత్యంలో పేరు దక్కని స్త్రీలను వెతకడం నా పరిశోధనలో భాగం. అదే చూపుతో యంత్రాల చరిత్ర చదువుతుంటే ఒకామె తారసపడింది. 1966లో అమెరికాలోని ఎంఐటీ ఆచార్యుడు జోసెఫ్ వైజెన్‌బామ్ 'ఎలైజా' అనే కంప్యూటర్ ప్రోగ్రాం గురించి వ్యాసం ప్రచురించాడు. మనం టైపు చేసిన మాటల్నే తిప్పి ప్రశ్నగా అడగడం దాని పని. అది తయారవడం నెలల తరబడి చూసిన ఆయన సెక్రటరీ, దానితో నాలుగు మాటలు కాగానే ఆయన్ని గదిలోంచి బయటికి వెళ్లమంది. 1976లో తన పుస్తకంలో ఆయన దీన్ని భ్రమ కిందే జమకట్టాడు. రోజంతా ఇతరుల మాటలు రాసిపెట్టే స్త్రీకి తన మాట చెప్పుకునే చోటు ఎక్కడుందని అడగలేదు.

ఆ తర్వాత యంత్రానికి ఒళ్లొచ్చింది. జపాన్‌లో తకనోరి షిబాతా తయారుచేసిన 'పారో' బొచ్చు సీల్ పిల్ల. నిమిరితే కదులుతుంది, కూస్తుంది. 2017లో వెలువడిన ఆస్ట్రేలియా అధ్యయనంలో మతిమరుపు వ్యాధి ఉన్న 415 మంది వృద్ధులు పాల్గొన్నారు. మామూలు సంరక్షణతో పోలిస్తే పారో ఉన్నవాళ్లలో ఆందోళన కొంత తగ్గింది. అయితే స్విచ్ ఆపేసిన పారోతో పోలిస్తే ఆ విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఆ ఊరట అబద్ధమని నేననను. కానీ ఆ 'మామూలు సంరక్షణ' ఎక్కువగా స్త్రీలు తక్కువ జీతానికి, ఊపిరాడని పనిలో చేసేదే. ఒక పెద్దావిడ పక్కన కాసేపు కూర్చునే తీరిక వాళ్లకెందుకు లేదో కూడా లెక్కకట్టాలి కదా?