వి.వి.ఎస్.లక్ష్మణ్ బ్యాటింగ్ గణాంకాలు

వి.వి.ఎస్.లక్ష్మణ్‌గా ప్రసిద్ధుడైన వంగిపురపు వెంకట సాయి లక్ష్మణ్ 1974 నవంబర్ 1న హైదరాబాదులో జన్మించిన భారత క్రికెట్ క్రీడాకారుడు. 1996 నుండి 2012 వరకు 134 టెస్టులు ఆడి 45.97 సగటుతో 8781 పరుగులు సాధించాడు. ఇందులో 17 శతకాలు, 56 అర్థశతకాలు ఉన్నాయి. సమకాలికులైన సచిన్ టెండుల్కర్ (53.78), రాహుల్ ద్రావిడ్ (52.31), వీరేంద్ర సెహ్వాగ్ (49.34) ల సగటులతో పోలిస్తే ఇది తక్కువే. అయితే ఏ స్థానంలో, ఏ జట్టుపై, ఎటువంటి స్థితిలో ఆడాడన్నది గమనిస్తే ఈ అంకె అతని ఆటను పూర్తిగా తెలుపదు.

సగటుతో పోలిక

బేస్‌బాల్‌లో లీగు మొత్తం సగటును 100గా తీసుకొని ఆటగాడి బ్యాటింగును దానితో కొలిచే సూచిక ఒకటి వాడుకలో ఉంది. 150 వచ్చినదంటే సాధారణ ఆటగాని కంటే సగం మేర మెరుగని అర్థం. క్రికెట్‌లో అంతగా స్థిరపడిన సూచిక లేదు. టెస్టు చరిత్రలో ఒక్కొక్క వికెట్టుకు సుమారు 30 పరుగులు వచ్చినవనుకుంటే లక్ష్మణ్ సూచిక దాదాపు 150 అవుతుంది. కాని ఆ 30లో బౌలర్ల బ్యాటింగు కూడా కలిసి ఉన్నది కనుక ఈ లెక్కను యథాతథంగా స్వీకరించరాదు.

లక్ష్మణ్ ఎక్కువగా 5 లేదా 6వ స్థానంలో ఆడాడు. అవతలి వైపు వికెట్లు పడిపోగా మిగిలిపోవడం ఈ స్థానాల వారికి మామూలే. 225 ఇన్నింగ్సులలో 34 సార్లు, అనగా 15 శాతం, అతను నాటౌట్‌గా నిలిచాడు. టెండుల్కర్ విషయంలో ఇది 329కి 33, అనగా 10 శాతమే. నాటౌట్లు సగటును పెంచుతాయి, శతకాలను తగ్గిస్తాయి. 50 దాటిన 73 ఇన్నింగ్సులలో లక్ష్మణ్ 17 మాత్రమే శతకాలుగా మలచగలిగాడు. టెండుల్కర్ 119లో 51 శతకాలు చేశాడు.

కోల్‌కత, 2001

ఒకే మ్యాచ్‌లో, ఒకే పిచ్‌పై ఆడిన వారితో పోల్చడం ఇంతకంటే న్యాయమైన పద్ధతి. 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా 445 పరుగులు చేయగా భారత్ 171కి ఆలౌటై ఫాలోఆన్‌లో పడింది. లక్ష్మణ్ మొదటి ఇన్నింగ్సులో 59, మూడవ స్థానానికి మారిన రెండవ ఇన్నింగ్సులో 281 పరుగులు చేశాడు. ద్రావిడ్ (180) తో ఐదవ వికెట్టుకు 376 పరుగులు జోడించాడు. భారత్ 7 వికెట్లకు 657 వద్ద డిక్లేర్ చేసి, ఆస్ట్రేలియాను 212కి ఆలౌట్ చేసి 171 పరుగులతో గెలిచింది. మ్యాచ్ మొత్తంలో 37 వికెట్లకు 1485 పరుగులు వచ్చాయి. లక్ష్మణ్‌ను మినహాయిస్తే అదనపు పరుగులతో సహా 35 వికెట్లకు 1145, అనగా వికెట్టుకు 32.7. లక్ష్మణ్ సగటు 170. అప్పటికి 281 భారత రికార్డు. 2004లో ముల్తాన్‌లో సెహ్వాగ్ 309 పరుగులతో దీనిని అధిగమించాడు.

ఆస్ట్రేలియాపై

ఆ కాలపు అత్యంత బలమైన జట్టుపై 29 టెస్టులలో 49.67 సగటుతో 2434 పరుగులు, 6 శతకాలు సాధించాడు. మిగిలిన జట్లన్నిటిపై సగటు 44.70. ప్రత్యర్థి బలపడిన కొద్దీ సగటు పడిపోవడం సాధారణం. ఇతని విషయంలో అది తలక్రిందులైంది. 2000 జనవరిలో సిడ్నీలో భారత్ 261కి ఆలౌటైనప్పుడు అందులో 167 పరుగులు ఇతనివే. ఆ మ్యాచ్‌లో భారత్ ఇన్నింగ్స్ తేడాతో ఓడిపోయింది. 2010లో మొహాలీలో 216 లక్ష్యానికి భారత్ 124/8 స్థితిలో ఉండగా ఇషాంత్ శర్మతో 81 పరుగులు జోడించి, 73 నాటౌట్‌గా నిలిచి ఒక్క వికెట్టు తేడాతో గెలిపించాడు. గణాంకాల పట్టికలో ఇది కేవలం ఒక అర్థశతకం.

ఇతర పోటీలు

1999-2000 రంజీ ట్రోఫీలో హైదరాబాదు తరఫున 8 శతకాలతో 1415 పరుగులు చేశాడు. కర్ణాటకపై 353 అతని అత్యధిక స్కోరు. 86 వన్డేలలో 30.76 సగటుతో 2338 పరుగులు మాత్రమే చేశాడు. వాటిలోని 6 శతకాలలో 4 ఆస్ట్రేలియాపైనే వచ్చాయి. ప్రపంచ కప్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.