బాలలు – ఆన్‌లైన్ వీడియోలు: వీక్షణలో, చిత్రీకరణలో, పంపకంలో జాగ్రత్తలు

యూట్యూబ్‌లో 2005 ఏప్రిల్ 23న చేరిన తొలి వీడియో నిడివి 19 సెకన్లు. నేడు పాఠశాల బాలబాలికలు వీడియోలు చూడడంతో సరిపెట్టుకోక పాటలు, ప్రయోగాలు, హాస్య సన్నివేశాలు స్వయంగా చిత్రీకరించి లోకానికి చూపుతున్నారు. నిషేధంతో ఆగిపోయే ఉత్సాహం కాదిది. కేంద్ర ప్రభుత్వం 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించగా, అదే ఏడాది జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మన దేశంలో ప్రవేశించినవి. వేదిక మారినదే తప్ప చిత్రీకరణ ఆగలేదు.

కొన్ని రక్షణలు ఇప్పటికే ఉన్నవి. 13 నుంచి 17 ఏళ్ల వారు అప్‌లోడ్ చేసే వీడియోలు, వారు మార్చుకుంటే తప్ప, ఇతరులకు కనిపించని ఏర్పాటును యూట్యూబ్ 2021లో ప్రకటించినది. 16 ఏళ్లలోపు వారు పెద్దల తోడు లేకుండా ప్రత్యక్ష ప్రసారం చేయరాదని 2025 జూలై 22 నుంచి నియమం విధించినది. అయితే తండ్రి ఫోనులో, తండ్రి ఖాతాతో వీడియోలు చూసే పిల్లవానికి ఈ రక్షణలేవీ అందవు. మన ఇళ్లలో జరుగుతున్నది ఎక్కువగా ఇదే.

చిత్రీకరణలో ప్రమాదం ముఖంకన్నా నేపథ్యంలో ఉంటుంది. యూనిఫారంపై పాఠశాల పేరు, ఇంటి నంబరు, స్కూటరు నంబరు పలక కలిస్తే ఆ బాలిక ఎక్కడుంటుందో అపరిచితునికి తెలిసిపోతుంది. పిల్లల స్నానం, ఏడుపు దృశ్యాలను ముచ్చటకొద్దీ బహిరంగంగా ఉంచే తల్లిదండ్రులకూ ఈ మాట వర్తిస్తుంది.

అసలు చిక్కు పంపకంలో ఉన్నది. ఒక బాలిక అసభ్య వీడియో బయటకు వచ్చినపుడు "జాగ్రత్త" అనే వ్యాఖ్యతో గ్రూపులకు పంపేవారు తాము నేరం చేస్తున్నామని గ్రహించరు. బాలలను లైంగికంగా చూపే దృశ్యాలను ప్రచురించినా, పంపినా, డౌన్‌లోడ్ చేసినా సమాచార సాంకేతిక చట్టం 67బి సెక్షన్ క్రింద తొలిసారి 5 ఏళ్ల వరకు జైలు, 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. ఇటువంటి కేసులో సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు 23న తీర్పునిస్తూ, న్యాయస్థానాలు వీటిని "చైల్డ్ పోర్నోగ్రఫీ" అనరాదని, బాలల లైంగిక దోపిడీ, వేధింపుల సామగ్రిగా పేర్కొనాలని సూచించినది. పత్రికలు కూడా పాటించదగిన సూచన ఇది.

బెదిరింపు ఎదురైన బాలిక ముందుగా భయపడేది ఇంట్లోవారి తిట్లకు. అందుకే విషయం దాస్తుంది. బెదిరించేవాని బలమంతా ఆ మౌనమే. తల్లిదండ్రులు ఫోను లాక్కోవడానికి ముందు లింకు, ఖాతా పేరు, తేదీ, సమయం వ్రాసుకోవాలి. సందేశాలు చెరపరాదు, వీడియోను ఎవరికీ పంపరాదు, డబ్బు చెల్లించరాదు. 18 ఏళ్లలోపు వారి దృశ్యాల కోసం అమెరికాలోని ఎన్‌సీఎంఈసీ సంస్థ నడిపే "టేక్ ఇట్ డౌన్" సేవ ఉచితం. దృశ్యం ఫోను దాటి పోదు. దాని డిజిటల్ గుర్తు మాత్రమే సేవలో చేరిన వేదికలకు అందుతుంది.

పాత్రికేయులకు పోక్సో చట్టం, 2012 రెండు బాధ్యతలు అప్పగించినది. ఇటువంటి దృశ్యం దృష్టికి వస్తే 20వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయాలి. 23వ సెక్షన్ ప్రకారం, ప్రత్యేక న్యాయస్థానం అనుమతిస్తే తప్ప, బాధిత బాలల పేరు, చిరునామా, ఫొటో, కుటుంబం, పాఠశాల, నివాస ప్రాంతం వెల్లడించరాదు. ముఖం మసకబార్చి వీధి పేరు వ్రాసినా ఉల్లంఘనే అవుతుంది.

ఫిర్యాదులకు: బాలల సహాయవాణి 1098, అత్యవసర సేవలు 112, సైబర్ నేరాల సహాయవాణి 1930. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఈ తరహా ఫిర్యాదును పేరు తెలపకుండానే నమోదు చేయవచ్చును.