లినక్స్ ల్యాప్‌టాప్‌లో వైఫై

లినక్స్ వేసిన ల్యాప్‌టాప్‌లో వైఫై పనిచేయాలంటే మూడు కుదరాలి: లోపలున్న వైఫై చిప్, దాన్ని నడిపే డ్రైవర్, ఆ చిప్‌లోకి ఎక్కించే ఫర్మ్‌వేర్. కొత్తవాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది మూడోదే. డ్రైవర్ చాలావరకు కెర్నెల్‌తోపాటే వస్తుంది. ఫర్మ్‌వేర్ మాత్రం చిప్ తయారీదారు సొత్తు, దాని సోర్స్ కోడ్ సాధారణంగా బయటికి రాదు. అందుకే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమాన్ని గట్టిగా పట్టుకున్న లినక్స్ పంపిణీ డెబియన్, తన అధికారిక ఇన్‌స్టలేషన్ డిస్కులో చాలా ఏళ్లు దాన్ని చేర్చలేదు. 2022లో సభ్యులు ఓటు వేసి ఆ పద్ధతి మార్చారు. 2023 జూన్‌లో విడుదలైన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ డిస్కులోనే ఉంటోంది. కొత్తగా నేర్చుకునేవారికి ఈ నిర్ణయం చేసిన మేలు ఇంతా అంతా కాదు.

బ్రాడ్‌కామ్ చిప్‌లది పెద్ద కథ. ఆ సంస్థ వివరాలు ఇవ్వకపోవడంతో ఔత్సాహికులు అప్పటికే ఉన్న డ్రైవర్లు చిప్‌తో ఎలా మాట్లాడుతున్నాయో శోధించి సొంతంగా డ్రైవర్ రాశారు. అది 2006లో కెర్నెల్‌లో చేరింది. అదీ కుదరనివారు ఎన్‌డీఐఎస్‌ర్యాపర్ సాయంతో విండోస్ డ్రైవర్‌నే లినక్స్‌లో నడిపేవారు. 2010లో బ్రాడ్‌కామ్ కొన్ని చిప్‌లకు ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఇచ్చింది. పాత ల్యాప్‌టాప్‌లలో ఈ చిప్‌లు ఇప్పటికీ ఎదురవుతాయి. ఉబుంటులో అయితే ‘అడిషనల్ డ్రైవర్స్’ విభాగం తెరిస్తే వీటికి తగిన డ్రైవర్ చూపిస్తుంది.

వైఫై రాకపోతే ముందు చిప్ ఏదో తెలుసుకోవాలి. ల్యాప్‌టాప్ మోడల్ పేరుతో వెతకడం వృథా, ఒకే మోడల్‌లో వేర్వేరు చిప్‌లు ఉండొచ్చు. టెర్మినల్‌లో ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ ఆదేశాన్ని ‘ఎన్ఎన్’ ఆప్షన్‌తో ఇస్తే నెట్‌వర్క్ కంట్రోలర్ వరుస చివర కోలన్‌తో విడదీసిన రెండు సంఖ్యలు కనిపిస్తాయి. మొదటిది తయారీదారుది. అది 8086 అయితే చిప్ ఇంటెల్‌ది. 1978లో ఇంటెల్ తెచ్చిన ప్రాసెసర్ పేరూ అదే. రెండోది చిప్‌ది. ఈ జంటతో వెతికితే సరైన జవాబు దొరుకుతుంది.

డ్రైవర్ ఉన్నా నెట్‌వర్క్ పేర్లు కనబడకపోతే టెర్మినల్‌లో ‘ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్’ ఆదేశం ఇచ్చి చూడాలి. సాఫ్ట్ బ్లాక్ ఉంటే ‘ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్’తో తొలగిపోతుంది. హార్డ్ బ్లాక్ అయితే సాధారణంగా ల్యాప్‌టాప్ అంచున ఉన్న స్విచ్చో, కీబోర్డు మీది యాంటెనా బొమ్మ మీటో నొక్కాలి. విడిగా కంపైల్ చేసిన డ్రైవర్‌ను, నమ్మదగిన సంతకం లేదని సెక్యూర్ బూట్ అడ్డుకోవచ్చు. అప్పుడు డ్రైవర్‌పై సంతకం చేసిన కీని నమోదు చేయాలి, లేదా బయాస్‌లో సెక్యూర్ బూట్‌ను ఆపాలి.

ఫర్మ్‌వేర్ దించుకోవడానికి నెట్ కావాలి, నెట్ రావడానికి ఫర్మ్‌వేర్ కావాలి. ఈ చిక్కుముడికి ఫోన్ చాలు. యూఎస్‌బీ కేబుల్‌తో ఆండ్రాయిడ్ ఫోన్ తగిలించి, సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే, లినక్స్ దాన్ని తీగ కనెక్షన్‌గా గుర్తిస్తుంది. వేరే డ్రైవర్ అక్కర్లేదు.

ఈ ఇబ్బందులు ముందే తెలియాలంటే, ల్యాప్‌టాప్‌లో ఉన్న వ్యవస్థను చెరిపేయకముందే లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, మీ ఇంటి వైఫైకి ఒకసారి కలిపి చూడండి.