నాలుగు పొట్లాల ధైర్యం

మొన్న సంక్రాంతికి ముందు ఇల్లు దులుపుతూ మా కోడలు అటకమీంచి ఒక రేకు బోర్డు దించింది. దుమ్ము తుడిచి చూస్తే నీలం రంగు మీద తెల్లటి అక్షరాలతో ఏదో పుస్తకాల కొట్టు పేరు.

"ఇదేమిటి మామయ్యగారూ?" అంది.

నేను నోరు విప్పేలోపే వంటింట్లోంచి మా ఆవిడ జవాబు చెప్పేసింది. "మీ మామగారి వ్యాపారమమ్మా! మొదలవకుండానే ముగిసిపోయింది."

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. 1979లో తెనాలిలో నోటు పుస్తకాలూ, కలాలూ, సిరా బుడ్లూ అమ్మే కొట్టు పెడదామని ఓ గది మాట్లాడాను. అడ్వాన్సు ఇచ్చాను. బోర్డు రాయించాను. ముహూర్తం కూడా పెట్టించాను. తీరా ముహూర్తం ముందురోజు రాత్రి నిద్ర పట్టలేదు. సరుకు అమ్ముడుపోకపోతే? అరువు పట్టుకెళ్ళినవాళ్ళు ఎగ్గొడితే? పనిలో పెట్టుకున్న కుర్రాడు నా మాట వినకపోతే? నలుగురూ నవ్వితే? తెల్లవారేసరికి ఒళ్ళు కాలిపోతోంది. అది జ్వరం కాదనీ, ఉత్త భయమనీ నాకూ తెలుసు, మా ఆవిడకీ తెలుసు. ఆ కొట్టు తలుపు నేను తెరవలేదు. అడ్వాన్సు తిరిగి రాలేదు. గుమాస్తా ఉద్యోగంలోనే రిటైరయ్యాను.

ఇప్పుడీ పాత గొడవ ఎందుకంటారా? మా కోడలు అప్పడాలు చేసి అమ్ముతానంటోంది. "భయంగా ఉంది, ఏం చెయ్యమంటారు?" అని నన్ను సలహా అడిగింది. ఈత రానివాణ్ణి గోదావరి లోతు అడిగినట్టుంది! నా అనుభవం చెబితే ఉన్న ధైర్యం కాస్తా పోతుంది. అందుకని అప్పడాల చరిత్రే ఒకటి చెప్పాను. మీరూ వినండి.

1959 మార్చి 15వ తేదీ. బొంబాయిలో గిర్‌గాం అనే పేట. అక్కడ ఒక పాత మేడ డాబా మీద ఏడుగురు గుజరాతీ గృహిణులు అప్పడాలు వత్తడానికి కూర్చున్నారు. వాళ్ళలో జస్వంతీబెన్ జమ్నాదాస్ పొపట్ ఒకరు. పెద్ద చదువులేమీ లేవు. చేతిలో ఉన్న విద్యల్లా వంట. ఇంటిపని అయ్యాక మిగిలే వేళలో నాలుగు డబ్బులు సంపాదించుకుందామన్నదే వాళ్ళ ఆశ.

పెట్టుబడి 80 రూపాయలు. అదీ అప్పే. ఇచ్చినాయన ఛగన్‌లాల్ కరంసీ పారేఖ్ అనే సంఘసేవకుడు, గోఖలే స్థాపించిన సర్వెంట్స్ ఆఫ్ ఇండియా సొసైటీ సభ్యుడు. అందరూ ఛగన్ బాపా అని పిలిచేవారు. ఆ డబ్బుతో వాళ్ళు తీసుకున్నది నష్టాల్లో కూరుకుపోయిన ఒక అప్పడాల వ్యాపారాన్ని! ఒకరు చేతులు కాల్చుకున్న పొయ్యి దగ్గరికే వెళ్ళి కూర్చున్నారన్నమాట. నేనైతే ఆ సంగతి తెలిసిన మరుక్షణం ఇంటిముఖం పట్టేవాణ్ణి.

మొదటిరోజు తయారైనవి ఎన్నో తెలుసా? నాలుగంటే నాలుగే పొట్లాలు. భులేశ్వర్‌లో తెలిసిన వర్తకుడొకాయన ఉంటే ఆయనకి అమ్మడం మొదలుపెట్టారు.

ఆ ఏడుగురికీ భయం లేదని నేననుకోను. వాళ్ళు చేసుకున్న ఏర్పాట్లు చూస్తే ఒక్కొక్కదాని వెనకా ఒక్కొక్క భయం కనిపిస్తుంది. భయం పోయేదాకా ఆగకుండా, ఏ భయానికి తగ్గ ఏర్పాటు దానికి చేసుకుంటూ పోయారు. అంతే తేడా.

మొదటిది అప్పు భయం. 80 రూపాయలు ఆ రోజుల్లో తేలికైన డబ్బేమీ కాదు. కాని ఏడుగురికి పంచి చూడండి. తలా పదకొండు రూపాయల చిల్లర. పోతే బాధే, కాని కొంప మునగదు.

రెండోది, నష్టమొస్తే ఎవరి దగ్గర చెయ్యి చాచాలన్న భయం. ఎంత నష్టమొచ్చినా విరాళాలు తీసుకోకూడదని మొదట్లోనే నిశ్చయించుకున్నారు. ఇది బింకం కాదు. ధర్మం డబ్బుతో నడిస్తే అది దాత దయ ఉన్నన్నాళ్ళే నడుస్తుంది. పైగా పోయేది మన డబ్బు కాదనుకుంటే పిండి కలిపే చెయ్యి కూడా అజాగ్రత్త పడుతుంది.

మూడోది బేరం భయం. ఖరీదు ఎక్కువైతే కొంటారో కొనరోనని మొదట్లో రెండు రకాలు చేశారు. ఒకటి మంచిది, ఒకటి చౌకది. ఛగన్ బాపా ఒప్పుకోలేదు. చేస్తే మేలురకం ఒక్కటే చెయ్యండి, నాణ్యంలో రాజీ పడకండి, లెక్కలు పద్ధతిగా రాయండి అని చెప్పాడు. వాళ్ళు విన్నారు. విరిగిన అప్పడాలు అమ్మకుండా ఇరుగుపొరుగు వాళ్ళకి పంచిపెట్టేవారు.

నాలుగోది వాన. దీని సంగతి మనకి ఒకరు చెప్పాలా? డాబా మీద అప్పడాలు ఎండేసి, చినుకు పడగానే ఇంటిల్లిపాదీ చాపలెత్తుకుని మెట్లు దిగిన రోజులు ఎవరికి గుర్తులేవు! బొంబాయి వాన సంగతి ఇక వేరే చెప్పాలా? మొదటి ఏడాది నాలుగు నెలలు పని మానుకుని కూర్చోవలసివచ్చింది. మరుసటి ఏడాది ఒక మంచమూ, ఒక స్టవ్వూ కొన్నారు. మంచం మీద అప్పడాలు పరిచి, కింద స్టవ్వు వెలిగించారు. బయట వాన కురుస్తూనే ఉంది, లోపల అప్పడాలు ఆరుతూనే ఉన్నాయి.

అన్నిటికన్నా పెద్దది అయిదోది. నలుగురిని నడిపించడమెలా అన్న భయం. నాకు ఆ రాత్రి జ్వరం తెప్పించిన వాటిలో ఇదీ ఒకటి. యజమాని అన్నవాడికి అన్నీ తెలిసి ఉండాలనీ, తప్పొస్తే తలొక్కటే దొరుకుతుందనీ నా బెంగ. వీళ్ళు అసలు ఒక్క యజమానినే పెట్టుకోలేదు. అప్పడం వత్తే ప్రతి మనిషీ యజమానే. లాభమొచ్చినా నష్టమొచ్చినా అందరిదీ. ఒకరినొకరు 'బెన్' అని, అంటే అక్కచెల్లెళ్ళలా పిలుచుకోవడం. పిండి ఒకచోట కలిపి పంచుతారు. ఎవరింటికి వాళ్ళు పట్టుకెళ్ళి వత్తి, మర్నాడు తెచ్చి ఇస్తారు. సరుకు సరిచూసి కూలి అప్పటికప్పుడే చేతిలో పెడతారు. బరువు పదిమంది భుజాల మీద పడితే ఎవరి మెడా విరగదు.

మొదటి ఏడాది అమ్మకం 6,196 రూపాయలు. ఆ తరవాతంతా నల్లేరు మీద బండి నడకేమీ కాదు. 1961లో మలాడ్‌లో ఒక శాఖ పెట్టబోతే అది కాస్తా విఫలమైంది. అయినా పాత చోట పని ఆగలేదు. 1962లో తమ అప్పడాలకి 'లిజ్జత్' అని పేరు పెట్టుకున్నారు. గుజరాతీలో రుచి అని అర్థం. 1966లో సంస్థని రిజిస్టరు చేయించారు. ఆ ఏడే ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ గుర్తింపు వచ్చింది. 1968లో గుజరాత్‌లోని వాలోడ్‌లో శాఖ వెలిసింది. ఆ నాలుగు పొట్లాల వ్యాపారం 2019 నాటికి ఏడాదికి 1,600 కోట్ల రూపాయలు దాటింది. 2021లో జస్వంతీబెన్‌కి పద్మశ్రీ ఇచ్చారు. అప్పటికి ఆ సంస్థలో 45 వేలమంది ఆడవాళ్ళు పనిచేస్తున్నారు.

కోట్ల సంగతి చెప్పి మా కోడల్ని ఊరించాలని కాదు. అలా అందరికీ కలిసిరాదు. నాకు తట్టిన తేడా ఒక్కటే. నేను ఒక్క రాత్రిలో పదేళ్ళకి సరిపడా భయపడ్డాను. వాళ్ళు ఏ రోజు భయం ఆ రోజు పడ్డారు. వాన భయం వానాకాలంలోనే పడ్డారు, మార్చి నెలలో పడలేదు.

అంతా విని మా కోడలు అడిగింది. "అయితే ఎంతతో మొదలుపెట్టమంటారు మామయ్యగారూ?"

"ఎంత పోయినా నీకు రాత్రి నిద్ర పడుతుందో అంతతో పెట్టమ్మా!"

కాసేపు ఆలోచించి, "రెండు వేలు" అంది.

"పదిహేను వందలు చాల్లేవే, అప్పడాల కర్రలూ పీటలూ ఇంట్లో ఉన్నవే గదా!" అంటూ మా ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. అడక్కుండానే వాటాదారు ఒకరు చేరారన్నమాట.

లేవబోతూ కోడలు ఆ రేకు బోర్డు చేతిలోకి తీసుకుంది. "ఇది పాత ఇనుము వాడికి వేసెయ్యమంటారా?"

"ఉంచమ్మా," అన్నాను. "వెనకవైపు ఖాళీగానే ఉంది."