ఫోన్‌లో "సార్" అనే ఆ ఒక్క మాట

ఒక ట్రాన్స్ మహిళ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశారనుకోండి. పేరు చెప్తారు, అమ్మాయి పేరే. అయినా అవతలి నుంచి "చెప్పండి సార్" అని వస్తుంది. కట్టుకున్న చీర, పెంచుకున్న జుట్టు ఫోన్‌లో కనపడవు కదా. వెళ్ళేది గొంతొక్కటే. ఆ గొంతుని మార్చడానికి ఎవరెవరు ఏం చేశారన్నదే ఈ రోజు కథ.

ముందు ఒక పాటల మాస్టారు. పేరు మాన్యుయెల్ గార్సియా. 1854లో ఆయన పళ్ళ డాక్టర్లు వాడే చిన్న అద్దాన్ని గొంతులో పెట్టుకుని, ఇంకో అద్దంతో ఎండని లోపలికి కొట్టి, తన స్వరతంత్రులు కదలడం తనే చూసుకున్నాడు. డాక్టర్ కాదండి, పాట నేర్పే మనిషి!

ఆ తంత్రుల దగ్గరే ఉంది చిక్కంతా. మగపిల్లలకి ఈడొచ్చేటప్పుడు టెస్టోస్టెరాన్ వల్ల అవి పొడవుగా, మందంగా పెరుగుతాయి. అప్పుడే గొంతు మారి బొంగురుపోతుంది. తర్వాత ఈస్ట్రోజెన్ వాడితే చర్మం మెత్తబడుతుంది, ఒంటి తీరు మారుతుంది, కానీ పెరిగిన తంత్రులు మాత్రం వెనక్కి తగ్గవు. మాట్లాడేటప్పుడు మగవాళ్ళ తంత్రులు సెకనుకి సుమారు 120 సార్లు, ఆడవాళ్ళవి సుమారు 200 సార్లు కంపిస్తాయి. ఆ తేడానే మన చెవి పట్టేస్తుంది.

సరే, కత్తితో సరిచేద్దాం అన్నారు సర్జన్లు. 1974లో జపాన్‌కి చెందిన నొబుహికో ఇషికి గొంతు మార్చే నాలుగు రకాల ఆపరేషన్లు ప్రకటించాడు. నాలుగోది వీణ తీగ బిగించినట్టు తంత్రుల్ని లాగి శ్రుతి పెంచుతుంది. తర్వాత జర్మనీలో వెండ్లర్ అనే ఆయన తంత్రుల ముందు భాగాన్ని కలిపి కుట్టే పద్ధతి తెచ్చాడు. కంపించే పొడవు తగ్గితే శ్రుతి పెరుగుతుంది, వీణ మీద పై మెట్టు నొక్కినట్టే. కానీ గట్టిగా పిలిచే శక్తి కొంత పోవచ్చు.

పైగా శ్రుతి పెరిగినంత మాత్రాన పని అవ్వలేదు! గొంతు, నోరు కలిసిన గొట్టం పెద్దదే కాబట్టి మోత అలాగే ఉండిపోయింది. నాలుక ఎక్కడ పెట్టాలి, మాటని ఎలా ఎత్తి దించాలి అన్నవి సాధనతోనే వస్తాయి. అంటే మళ్ళీ పాటల మాస్టారి దారిలోకే వచ్చారన్నమాట. ట్రాన్స్ వ్యక్తుల వైద్యానికి డబ్ల్యూపాథ్ సంస్థ 2011లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో వాయిస్ థెరపీకి ఒక విడి భాగమే ఉంది.

మన దేశంలో 2014లో సుప్రీంకోర్టు, ఎవరి జెండర్ వాళ్ళే చెప్పుకోవచ్చని, దానికి సర్జరీ చేయించుకోవాలని పట్టుబట్టకూడదని తీర్పిచ్చింది. కార్డు మీద అక్షరం మారింది. ఫోన్లో "సార్" మాత్రం మారలేదు. అందుకే చాలామంది ఒంటరిగా గదిలో కూర్చుని వీడియోలు చూస్తూ దొంగగొంతుతో గంటలు గంటలు సాధన చేస్తారు. అక్కడే ప్రమాదం. బలవంతంగా పైకి లాగితే తంత్రులు వాస్తాయి, కాయలు కాస్తాయి, ఉన్న గొంతు కూడా పోవచ్చు. సాధన కొంచెం కొంచెంగా చేయండి, నీళ్ళు తాగుతూ ఉండండి, నొప్పెడితే ఆపేయండి. బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. నా గొంతు నాకు బాగానే ఉంది అనే ట్రాన్స్ మహిళలూ ఉన్నారు. వాళ్ళు మార్చుకోవాల్సిందేమీ లేదు, "చెప్పండి మేడమ్" అనడం అవతలి వాళ్ళు నేర్చుకోవాలి.