మనలోంచే పంతులు: ఒంగోలు బాప్టిస్టు సంఘాల అనుభవం, మన గూడేలకు పాఠం

రాయికల్, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లోని మన గోండు, నాయకపోడు గూడేలకు, లంబాడ తండాలకు ఒక ప్రశ్న కొత్త కాదు. మన పిల్లలకు అక్షరం నేర్పేది ఎవరు? బయటి నుంచి వచ్చి, బదిలీ కోసం ఎదురుచూసే పంతులా, మన వాకిట్లో పెరిగిన మనిషా? ఈ ప్రశ్నకు సుమారు 150 ఏళ్ళ క్రితం తెలుగు నేల మీదే ఒక జవాబు దొరికింది. అది దొరికింది ఆదివాసుల మధ్య కాదు, ఒంగోలు చుట్టుపక్కల మాదిగ పల్లెల్లో. అక్కడి బాప్టిస్టు సంఘాలు తమ సభ్యులనే బోధకులుగా, ఉపాధ్యాయులుగా, పెద్దలుగా ఎలా తయారు చేసుకున్నాయో మన యువత తెలుసుకోవాలి. మతం సంగతి ఎవరి ఇష్టం వారిది. ఇక్కడ మనం చూడవలసింది మనుషులను తయారు చేసిన పద్ధతిని.

అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో నెల్లూరులో స్థిరపడింది. పాతికేళ్ళు గడిచినా ఆ సంఘం చిన్నదిగానే ఉండిపోయింది. 1866లో జాన్ ఎవరెట్ క్లఫ్ ఒంగోలులో కాపురం పెట్టారు. ఆ ఏడాదే తాళ్ళకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం పొందారు. పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసిన మాదిగ. అంతకు ముందే ఒక యోగ మార్గంలో గురువుల దగ్గర శుశ్రూష చేసినవారు. ఊరూరా తిరగడం, పదిమందిని కూర్చోబెట్టి మాట్లాడడం ఆయనకు కొత్త కాదు. క్లఫ్ తొలిసారి తాళ్ళకొండపాడు వెళ్ళేసరికే పేరయ్య చుట్టుపక్కల పల్లెల మనుషులను కూడగట్టి ఉంచారు. అక్కడే 28 మంది సంఘంలో చేరారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. పేరయ్యను నాయకుణ్ణి చేసింది మిషనరీ కాదు. ఆయన అప్పటికే తన వాళ్ళ మధ్య మాట చెల్లే మనిషి. మిషన్ చేసిన మంచి పని ఆ మనిషిని గుర్తించి, ఆయన మీద భారం పెట్టడమే. మన గోండు గూడెంలో పటేల్, కటోడా, ప్రధాన్ ఉన్నట్టు, తండాలో నాయక్, కార్భారి ఉన్నట్టు, ప్రతి సమాజంలోనూ నడిపించేవాళ్ళు ముందే ఉంటారు. వారిని చూసే కన్ను కావాలి.

ఆ రోజుల్లోనే క్లఫ్ దంపతులకు ఒక పరీక్ష ఎదురైంది. పట్టణంలోని పై కులాలవారు కూడా మిషన్ వైపు ఆసక్తి చూపారు. అయితే మాదిగలను చేర్చుకుంటే తాము రామన్నారు. పై కులాల ఆదరణ ఉంటే పేరు, పలుకుబడి త్వరగా వచ్చేవి. అయినా క్లఫ్, ఆయన భార్య హారియెట్ మాదిగలనే ఎంచుకున్నారు.

ఇక శిక్షణ విషయానికి వద్దాం. అది మొదట పెద్ద భవనంలో జరగలేదు. పల్లెల్లో తిరిగే బోధకులు మూడు నెలలకొకసారి ఒంగోలులో కలిసేవారు. ఎవరు ఏ ఊరు వెళ్ళారో, ఎక్కడ ఏ చిక్కు వచ్చిందో చెప్పుకునేవారు. కొంత పాఠం నేర్చుకుని మళ్ళీ పల్లెలకు వెళ్ళేవారు. నేర్చుకున్నది మూడు నెలలు జనం మధ్య వాడి చూసి, తిరిగి వచ్చి మరికొంత నేర్చుకోవడం. చదువు పూర్తయ్యాకే పని అనే నియమం అక్కడ లేదు. చదువూ పనీ జోడెద్దుల్లా నడిచాయి.

తర్వాత నెల్లూరు, ఒంగోలు మధ్య సముద్రతీరాన ఉన్న రామాయపట్నంలో 1872లో వేదాంత పాఠశాల మొదలైంది. దాని నిధి కోసం క్లఫ్ అమెరికాలో తిరిగి 50,000 డాలర్లు పోగుచేశారు. పెళ్ళయిన విద్యార్థులు కుటుంబాలతో వచ్చి అక్కడే ఉండేవారు, భార్యలకు కూడా చదువు చెప్పేవారు. ఊరికి తిరిగి వెళ్ళేది ఇద్దరు చదువుకున్న మనుషులన్నమాట. ఆడవాళ్ళ మధ్యకు వెళ్ళి మాట్లాడగలిగింది ఆ భార్యలే.

ఈ తయారీ ఎంత గట్టిదో 1876–78 కరువులో తేలింది. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని క్లఫ్ గుత్తకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి పని కల్పించారు. ఆయన దగ్గర తయారైన బోధకులే అక్కడ మేస్త్రీలుగా నిలబడి పని చేయించారు, పనివాళ్ళ కష్టసుఖాలు విన్నారు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు పని సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజు క్లఫ్ నీళ్ళలోకి దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని ఆ పని ముగించారు. పన్నెండేళ్ళ కింద అంటరానివాళ్ళని పక్కన పెట్టిన సమాజం నుంచి వచ్చిన మనుషులు వేలమంది ముందు ఆ బాధ్యత మోశారు.

ఆ ఏడాది తొమ్మిది వేలకు పైగా కొత్త సభ్యులు చేరడంతో అసలు పని మొదలైంది. ఇన్ని పల్లెల్లో చదువు చెప్పేది ఎవరు? కొన్ని తరగతులు చదివిన అబ్బాయినే పల్లె బడికి పంతులుగా పంపారు. దొరికిన చెట్టు నీడే బడి అయిన పల్లెలున్నాయి. ఆ పంతులే ఉత్తరం చదివి పెట్టేవాడు, అర్జీ రాసి పెట్టేవాడు. కాగితం చదవగల మనిషి ఒకడు పల్లెలో ఉంటే, వేలిముద్ర వేయించుకుని మోసం చేయడం మునుపటంత తేలిక కాదు. మన భూముల చరిత్ర తెలిసినవారికి ఈ మాట విలువ వేరే చెప్పనక్కర్లేదు.

ఈ కథలో లోపం కూడా ఉంది, దాన్నీ చెప్పుకోవాలి. పాఠం చెప్పే పనిని మిషన్ త్వరగా అప్పగించింది, పెట్టె తాళంచెవిని మాత్రం చాలా ఆలస్యంగా అప్పగించింది. తెలుగు బాప్టిస్టు సంఘాల సమాఖ్య 1897లో ఏర్పడినా, ఇప్పటి సమావేశం ఏర్పడింది 1962లో. విదేశీ జీతం మీద ఆధారపడిన చోట పల్లె తన పంతుల్ని తానే పోషించుకునే అలవాటు కూడా పలచబడింది. నాయకత్వం అంటే పనితో పాటు లెక్కా, నిర్ణయమూ చేతికి రావడం.

ఇలాంటి ప్రయత్నమే గోదావరి అవతల మన ఆదివాసుల మధ్య జరిగింది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక నిజాం సర్కారు హైమెన్‌డార్ఫ్‌ను అక్కడికి పంపింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం తెరిచారు. అప్పటికే కాస్త మరాఠీ చదవడం వచ్చిన కొద్దిమంది గోండు యువకులతో అది మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. శిక్షణ పొందినవారు గూడేల్లో బడులు నడిపారు. మిషన్ లేదు, మతం లేదు, సూత్రం మాత్రం ఒంగోలుదే: ఉన్నవాళ్ళలోంచే తీసుకో, కొద్దిగా నేర్పు, వెంటనే పనిలో పెట్టు. హైదరాబాద్ రాజ్యం పోయాక గోండిలో చదువు చెప్పే ఆ పద్ధతి నిలవలేదు. ఒంగోలు సంఘాలకు సొంత సమాఖ్య ఉంది కాబట్టి మిషనరీలు వెళ్ళిపోయినా అవి మిగిలాయి. మార్లవాయి పథకం సర్కారుది, అందుకే సర్కారు మారగానే మారిపోయింది.

నేటి సంగతి కూడా అంతే. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో నంబరు 3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టివేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధమంది. మన రాయికల్ షెడ్యూల్డ్ ప్రాంతం కాదు కాబట్టి ఆ రక్షణ మనకు ముందు నుంచీ లేదు. చట్టం కోసం పోరాటం సాగాలి. దానితో పాటు సర్కారు ఉత్తర్వు అక్కర్లేని పని ఒకటి మన చేతిలోనే ఉంది.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మీలో ఇంటర్ చదివినవారు పదో తరగతి పిల్లలకు, పది చదివినవారు ఐదో తరగతి పిల్లలకు సాయంత్రం గంటసేపు చెప్పగలరు. మూడు నెలలకొకసారి పక్క గూడేలవాళ్ళతో కూర్చుని ఏది కుదిరిందో, ఏది కుదరలేదో మాట్లాడుకోగలరు. ఖర్చుల పుస్తకం కూడా మీరే రాయండి. ఇంకొక పని: మీ గూడెంలో, మీ తండాలో మొట్టమొదట అక్షరం నేర్పిన మనిషి ఎవరో అవ్వాతాతలను అడిగి, పేరు, ఊరు, కాలం రాసి పెట్టండి. పేరయ్య, నాగమ్మల పేర్లు ఎవరో ఒకరు రాసిపెట్టారు కాబట్టే ఈ రోజు మనకు తెలిశాయి. మనవాళ్ళ పేర్లు మనమే రాయాలి.